నులిపురుగు గ్రుడ్డు ఎవరి కబురునకు కదలును?



మిరపతోటలో గాని ప్రత్తిచేనిలో గాని ఒక మొక్క కారణము తెలియకుండ గిడసబారినప్పుడు మనము మొదట ఆకు తిప్పి చూతుము. పేనుబంక యున్నదా, తామరపురుగు పట్టినదా, ముడుత వచ్చినదా యని విచారింతుము. ఆకున ఏమియు కానరానిచో నీటికొరత యందుము. నీరు పెట్టిన మరునాడును మిట్టమధ్యాహ్నమునకు మొక్క తలవ్రేల్చినచో ఎరువు చాలలేదందుము. మొక్కను పెరికి వేరు చూచువారు అరుదు. అట్లు పెరికి, మట్టి కడిగి చూచినచో, కొన్ని చేలలో వేళ్ళు పూసల దండవలె బుడిపెలు కట్టి కనబడును. ఆ బుడిపెను మెల్లగా చీల్చి భూతద్దముతో చూడుడు. గసగసాల గింజకంటెను చిన్నదై, ముత్యమువలె తెల్లనై, ఒకవైపున మెడ సాగిన చిన్న కూజావంటి ప్రాణి యొకటి అందులో కదలక కూర్చుండియుండును.

అది తల్లిపురుగు. దాని వెనుకభాగమున జిగురుముద్ద యొకటి అంటుకొని యుండును. ఆ ముద్దలో కొన్ని వందల గ్రుడ్లుండును. నేల వెచ్చగను తడిగను ఉన్నచో, గ్రుడ్డు మొదలు మరల గ్రుడ్డు వరకు ఒక తరము ఇంచుమించు నాలుగు వారములలో ముగియును. నారు నాటిన దినమున మట్టిలో నున్న పురుగులు పది యైనను, కాయ కోయు నాటికి అవి ఎన్నియగునో లెక్క నేర్చిన మీరే గుణించుకొనవచ్చును. పురుగును చంపుట యొక పని. గ్రుడ్డును ఆపుట వేరొక పని. మొదటిదానికై మనము చాల ధనము వెచ్చించితిమి. రెండవదానిని గూర్చి విజ్ఞులు తెలిసికొన్న సంగతులను కొన్నింటిని నేడు మీకు విన్నవింపదలచితిని.

ప్రశ్న చిన్నది. తల్లి కడుపులో గ్రుడ్డు తయారై కూర్చున్న తరువాత, ఇక బయలుదేరుమని దానికి చెప్పువారెవరు? అది తనంతట లేచి పోవునా? లేక ఎవరి కబురుకైన వేచియుండునా?

ముందుగా ఈ పురుగుల వంశమును గూర్చి రెండు మాటలు. నులిపురుగులనగా వానపాముల జాతి కాదు. వీని శరీరము వానపామువలె గణుపులు గణుపులుగా నుండక, నున్నని దారపుపోగువలె నుండును. పిల్లల కడుపులోని ఏలికపాము ఈ వంశములోనిదే. బోదకాలు తెచ్చు ఫైలేరియా పురుగును, మిరప వేళ్ళలో ముడులు కట్టు పురుగును, ప్రత్తివేరును పట్టి మూత్రపిండమువలె ఉబ్బు పురుగును ఇందులోనివే. ఆడ ఏలికపాము దినమునకు రెండు లక్షల వరకు గ్రుడ్లు పెట్టగలదు. ఈ వంశమునకు బలము కోరలందు లేదు, విషమునందు లేదు, సంతానమునందున్నది.

పెద్దలకు నారికురుపు జ్ఞాపకముండును. దిగుడుబావులలో దిగి నీరు త్రాగిన కాలమున ఆ వ్యాధి మన రాష్ట్రమున మెట్టప్రాంతములలో ఎందరినో మంచమెక్కించెను. ఆ నారియు నులిపురుగే. మూరెడు, రెండు మూరల పొడవున కాలిలో పెరిగి, చర్మముపై పొక్కు లేపి, అది వేచియుండును. దేనికొరకు? నీటికొరకు. మంట తాళలేక రోగి కాలు బావినీట ముంచినంతనే తల్లిపురుగు వేలకొలది పిల్లలను ఆ నీటిలోనికి విడుచును. పొడి నేలపై విడిచినచో పిల్లలు చచ్చును గదా! కావున నీరు తగిలినదను కబురు వచ్చువరకు అది తన పిల్లలను పట్టియుంచును. ఈ మర్మము తెలిసియే మనవారు కురుపున్న వానిని బావిలో దిగనీయక, నీరు వడగట్టి త్రాగుడని బోధించిరి. భారతదేశమున చివరి రోగి 1996లో కనబడెను. 2000 సంవత్సరమున ప్రపంచారోగ్యసంస్థ ఈ దేశమున నారికురుపు లేదని ధ్రువపరచెను. దీనికి టీకా లేదు, పురుగును చంపు మందును లేదు. తల్లికిని నీటికిని నడుమ కబురు తెంచుటచేతనే మనము గెలిచితిమి.

అది వెలుపలినుండి వచ్చు కబురు. పురుగు శరీరము లోపలనే, ఒక జీవకణమునుండి వేరొక జీవకణమునకు పోవు కబురులు ఇంకను విచిత్రములు. వానిని చూడవలెనన్న మిరపవేరులోని పురుగు పనికిరాదు. అది వేరులో దాగియుండును. అందుచేత విజ్ఞులు దాని దాయాదిని ఒకదానిని ఎన్నుకొనిరి. కుళ్ళిన పండ్లలోను పెంటకుప్పలలోను సూక్ష్మజీవులను తిని బ్రదుకు ఈ చిన్న పురుగునకు కీనోరాబ్డైటిస్ ఎలిగన్స్ అని పేరు. ఇది పైరుకు గాని మనుష్యునకు గాని హాని చేయదు. పొడవు ఒక మిల్లీమీటరు. శరీరము గాజువలె పారదర్శకము, కావున కోయకుండగనే సూక్ష్మదర్శినిలో దాని కడుపులోని గ్రుడ్లను లెక్కింపవచ్చును. మూడు నాలుగు దినములలో పిల్ల తల్లియగును. సిడ్నీ బ్రెన్నరు అను శాస్త్రజ్ఞుడు దీనిని ఎన్నుకొని, 1974లో దీని వంశధర్మములను ప్రకటించెను. గ్రుడ్లు, శుక్రకణములు కాక దీని దేహమున 959 జీవకణములు మాత్రమే యున్నవి. వానిలో ఒక్కొక్కటి ఎక్కడ పుట్టి ఏ పని చేయునో గుర్తించిరి. ఈ పరిశ్రమకు బ్రెన్నరునకును ఆయన సహచరులిద్దరికిని 2002లో నోబెలు బహుమానము లభించెను.

ఈ పురుగు అర్ధనారీశ్వరము. బాల్యము ముగియు దశలో అది మొదట సుమారు మూడువందల శుక్రకణములను తయారుచేసి రెండు చిన్న సంచులలో దాచుకొనును. తరువాత శుక్రకణముల పని మాని గ్రుడ్లను మాత్రమే తయారుచేయును. ఒంటరిగానున్న తల్లికి ఇంచుమించు మూడువందల పిల్లలే పుట్టుటకు ఇదియే కారణము. శుక్రకణములు ముగిసినచో సంతానము ముగియును. మగపురుగులును అరుదుగా పుట్టును. మగదానితో కూడినచో తల్లి ఇంకను పెక్కు పిల్లలను కనగలదు.

దాని అండాశయము వంకీవలె మడతపడిన గొట్టము. అట్టివి రెండున్నవి. గొట్టపు కొనయందు ఒక జీవకణము కాపలా కూర్చుండును. అది ప్రక్కనున్న బీజకణములతో, మీరు రెండుగా చీలి పెరుగుచుండుడని ఎడతెగక చెప్పుచుండును. 1981లో జూడిత్ కింబుల్, జాన్ వైట్ అనువారు సన్నని లేజరు కిరణముతో ఆ ఒక్క కాపరిని కాల్చివేసిరి. బీజకణములన్నియు పెరుగుట మాని, గ్రుడ్డుగనో శుక్రకణముగనో మారు పనికి పూనుకొనెను. తోట కెదురుగా నున్న మోటు ఆగినచో మళ్ళలో నీరు నిలిచిపోయినట్లే. ఇది మొదటి కబురు.

కొననుండి దిగివచ్చుకొలది గ్రుడ్లు లావెక్కి, ఒకదాని వెనుక నొకటి వరుసగా నిలుచును. అన్నిటికంటె ముందున్నది శుక్రకణముల సంచి వాకిట నిలుచును. ఆ వాకిలి మూసియుండును. గ్రుడ్డు లోపలి కేంద్రకపు పని సగములో ఆగియుండును. గొట్టము చుట్టు పలుచని కండపొర యుండును. ఆ పొరలోని కణములకును గ్రుడ్డునకును నడుమ కంటికి అందని సన్నని రంధ్రములున్నవి. వానిద్వారా అవి ఒకదానినొకటి తాకి, కబురు రానంతవరకు గ్రుడ్డును ఆపియుంచును.

కాలువక్రింది రైతులకు ఇది సులభముగా బోధపడును. సాగరు కుడికాలువలో నీరున్నంతమాత్రమున మన పొలమునకు రాదు. పైనుండి ఉత్తరువు రావలెను, లస్కరు తూము తలుపెత్తవలెను, మనము మడవ తీయవలెను. ఈ మూటిలో ఒకటి తప్పినను నీరు అందదు. ఒకటి ముందు వెనుకలైనచో గట్టు తెగును. గ్రుడ్డు విషయమునను అట్లే మూడు పనులు ఒక్క సమయమున జరుగవలెను. గ్రుడ్డు తన ఆగిన పనిని మరల సాగించి పక్వము కావలెను. కండపొర ముడుచుకొని దానిని ముందుకు నెట్టవలెను. సంచి వాకిలి తెరచుకొనవలెను.

పైనుండి వచ్చు ఉత్తరువు ఎవరిది? 2001లో మైకేల్ మిల్లర్, డేవిడ్ గ్రీన్‌స్టైన్ మొదలగువారు దీనిని కనిపెట్టిరి. ఉత్తరువు శుక్రకణములది. ఈ పురుగు శుక్రకణమునకు తోకలేదు. అది పాదము చాచి ప్రాకును. ఆ ప్రాకుటకు తోడ్పడు మాంసకృత్తు ఒకటి యున్నది. దానిని ముఖ్యశుక్రమాంసకృత్తు అందురు. శుక్రకణము ఆ మాంసకృత్తునే కొంత వెలుపలికి విడుచును. అది వాకిలిదాటి వ్యాపించి గ్రుడ్డును తాకును, కండపొరను తాకును. శుక్రకణములే లేని ఆడపురుగులోనికి ఆ మాంసకృత్తును శుద్ధిచేసి సూదితో ఎక్కించిరి. శుక్రకణము ఒక్కటియు లేకున్నను గ్రుడ్డు పక్వమగుట మొదలిడెను, కండపొర ముడుచుకొన సాగెను. కాలికి బలమిచ్చు పదార్థమే నోటిమాటయు నయినది! నేనీ వృత్తాంతము మొదట చదివినప్పుడు, ప్రకృతి ఎంత పొదుపరి గృహిణియోగదా యని తలచితిని.

ఇందులోని వివేకము గమనింపుడు. గ్రుడ్డులో తల్లి తన ఆహారమునంతయు కూర్చి పెట్టును. శుక్రకణము లేనప్పుడు దానిని విడిచినచో అది వృథా. కావున శుక్రకణములున్నవను కబురు వచ్చినప్పుడే గ్రుడ్డు కదలును. శుక్రకణములున్న తల్లిలో ఒక్కొక్క గొట్టమునుండి సుమారు 23 నిమిషముల కొక గ్రుడ్డు బయలుదేరును. శుక్రకణములు లేని ఆడదానిలో గ్రుడ్లు వరుసగా క్రిక్కిరిసి గంటలతరబడి వేచియుండును. గ్రుడ్డుపైన ఈ కబురు నందుకొను ద్వారపాలకు డొకడున్నాడని 2003లో తెలిసెను. కబురు లేనప్పుడు వాడు గ్రుడ్డును వెనుకకు లాగుచుండును. కబురు అందినప్పుడు పట్టు విడుచును.

ఇక వాకిలి తెరచుట. ఇచట కబురు చెప్పునది గ్రుడ్డే. పక్వమగుచున్న గ్రుడ్డు, నేను వచ్చుచున్నానని ఒక మాంసకృత్తును విడుచును. కండపొర, సంచి వాకిలి దానిని తమపైనున్న గ్రాహకముతో అందుకొనును. అందుకొన్న కణములోపల ఇనోసిటాల్ త్రిభాస్వరము అను చిన్న పదార్థము పుట్టును. చక్కెరవంటి ఒక వలయమునకు భాస్వరపు గుంపులు మూడు తగిలించినట్లుండును. అది కణములోని కొట్టునకు పోయి తాళము తీయును. ఆ కొట్టులో దాచియున్నది కాల్షియము, మన సున్నములో నుండునదే. కాల్షియము పొంగినంతనే కండపొర బలముగా ముడుచుకొని, వాకిలిని గ్రుడ్డు మీదికి తొడుగువలె లాగును. వాకిలియు విప్పారును. గ్రుడ్డు సంచిలో పడును. అక్కడనే శుక్రకణముతో కలిసి, కొద్ది నిమిషములలో ఆవలి వాకిట గర్భాశయమునకు పోయి, పెంకు కట్టుకొనును. 1998లో టామస్ క్లాండినిన్, పాల్ స్టెర్న్‌బెర్గ్ మొదలగువారు ఈ రెండవ కబురు త్రోవను వెల్లడించిరి.

భాస్వరము మాట వచ్చినది గనుక మనవాని నొకనిని స్మరింపవలెను. భీమవరమున 1895లో జన్మించి, రాజమహేంద్రవరమున చదివి, అమెరికాకు పోయిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, 1925లో ఫిస్కెగారితో కలిసి, జీవపదార్థములలో భాస్వరమెంత యున్నదో రంగునుబట్టి కొలుచు పద్ధతిని ప్రకటించిరి. ఆ పద్ధతితోనే వారు కండలోని శక్తికి మూలమైన భాస్వర పదార్థములను కనిపెట్టిరి. జీవకణము మాటలాడు భాషలో భాస్వరము అక్షరమువంటిది. దానిని తూచుటకు ప్రపంచమునకు త్రాసు నిచ్చినవారిలో మన తెలుగువా డొకడు. త్రిభాస్వరము కాల్షియమును విడుదలచేయునని మైకేల్ బెర్రిడ్జి మొదలగువారు చూపినది 1983లో. సుబ్బారావుగారు దానిని చూచుటకు జీవించి యుండలేదు. వారు 1948లో గతించిరి.

కబురు తప్పినచో ఏమగును? ఈ ప్రశ్ననుండియే విజ్ఞులకు నిజము తెలిసినది. జన్మతః కొన్ని పురుగులలో గ్రుడ్డుమాట వాకిటికి చేరదు. శుక్రకణముల ఉత్తరువు వచ్చినది, గ్రుడ్డు పక్వమైనది, వాకిలి మాత్రము తెరవలేదు. గ్రుడ్డు గొట్టములోనే చిక్కుకొనును. అది ఊరకుండదు. వంశలక్షణములను మోయు సూత్రములను మరల మరల రెట్టించుకొనుచు, చీలుట యెరుగక, ఉబ్బి పాడగును. తల్లి గొడ్డువోవును. అయితే క్లాండినిన్ బృందము ఇంకొక వింత చూచెను. అట్టి గొడ్డుపురుగులలో కొన్నిటికి మరియొక మార్పు తోడైనప్పుడు సంతానము మరల కలిగెను. ఆ మార్పు త్రిభాస్వరమును ఖర్చుచేయు పనివానిని తొలగించునట్టిది. ఆదాయము తగ్గినను ఖర్చు తగ్గుటచే కొట్టు తాళము తీయుటకు చాలినంత మిగిలెను. ఈ ఒక్క పరీక్షతో, గ్రుడ్డుమాటయు త్రిభాస్వరమును ఒకే త్రోవలోనివని రూఢియయ్యెను.

ఇది పురుగు సంగతి మాత్రమే యనుకొనకుడు. స్త్రీ గర్భములోని అండములును, ఆమె జన్మింపకముందే తయారై, కేంద్రకపు పని సగములో ఆగి, ఏండ్లకొలది కబురుకై వేచియుండును. నెలకొకసారి మెదడు క్రింది గ్రంథినుండి కబురు వచ్చును. దానిని అండము వరకు చేర్చు మాటలలో, పురుగు గ్రుడ్డు విడుచు మాంసకృత్తు కుటుంబములోనివే కొన్ని కలవు. మిల్లీమీటరు పురుగును చూచి మన యింటి ఆడపడుచుల ఆరోగ్యమును గూర్చి నేర్చుకొనుట ఇట్లు సాధ్యమగుచున్నది.

ఇప్పుడు మన చేనికి మరలుదము. ఇట్లయిన, శుక్రకణపు కబురును తెంచు మందొకటి చల్లి మిరపవేరులోని పురుగును గొడ్డుచేయవచ్చునా యని మీరు అడుగుదురు. ఇచట తొందరపడరాదు. మిరపను ఎక్కువగా పట్టు ముడిపురుగు, మెలాయిడోగైని ఇన్‌కాగ్నిటా అనునది, మగదాని అవసరము లేకయే సంతానము కనును. దాని గ్రుడ్డు శుక్రకణముతో కలియనక్కరలేదు. తల్లి యెట్టిదో పిల్ల యట్టిదే. దాయాది పురుగునందు శుక్రకణము పలుకు ఉత్తరువునకు దీనియందు పని లేదు. కావున, శాస్త్రమున ఒక పురుగు రహస్యము తెలిసినదని విని, సీసాపై ఆ మాట వ్రాసి అమ్ముటకు వచ్చువానిని, ఇది మా చేని పురుగుమీద మా నేలలో పరీక్షింపబడినదా యని అడుగుడు. చదువుకొన్న పెద్దలు ఊరిలో నుండుట ఇట్టి ప్రశ్న అడుగుటకే.

అయినను ముడిపురుగు ఎవరి మాటయు విననిది కాదు. అది వినునది ఆహారపు మాట. గ్రుడ్డునుండి వచ్చిన పిల్ల లేతవేరు కొననుండి లోపలికి చొచ్చి, వేరులోని కొన్ని కణములను తన కబురులతో లొంగదీసి, రాక్షసకణములుగా పెంచి, వానినుండి పాలు త్రాగును. ఆహారము సమృద్ధిగా నున్నచో పిల్లలు ఇంచుమించు అన్నియు తల్లులగును. వేరు బలహీనమై ఆహారము కరవైనచో వానిలో పెక్కు మగవగును. మగది వేరు విడిచి పోవును. అది తినదు, గ్రుడ్డు పెట్టదు. ఆతిథ్యమిచ్చు వేరే దొరకనిచో పిల్లలు తమలోని కొవ్వు కరగువరకు తిరిగి, ఎండి చచ్చును. ఆ కబురు మన చేతిలో నున్నది.

ఆ చేతిలోని పనులు క్రొత్తవి కావు, వాని వెనుకనున్న కారణము మాత్రము ఇప్పుడు స్పష్టమైనది. వేసవి దుక్కి దున్ని నేలను ఎండకు ఎండనిచ్చినచో జిగురుముద్దలు పైకి వచ్చి గ్రుడ్లు మాడును. నారుమడి విషయమున మరింత జాగ్రత్త కావలెను. ఒక మడిలోని రోగము నారుతో పది చేలకు పోవును. నారుమడిని తడిపి, పలుచని ప్లాస్టికు దుప్పటి కప్పి, వేసవి యెండలో కొన్ని వారములుంచినచో మట్టి ఉడుకెక్కి పురుగులు నశించును. మిరప తరువాత వంగ, టమాట, బెండ, పొగాకు వేయుట పురుగునకు విందు. అన్నిటి వేళ్ళు దానికి ఇష్టములే. నడుమ బంతి వేయుట మంచిది. బంతివేరు పురుగులకు పడదు. పంట ముగిసిన తరువాత మొక్కలను నరికి వేళ్ళను నేలలో విడువకుడు. పెరికి కుప్పవేసి కాల్చుడు. ఇసుకపాలు గల తేలికనేలలలో ముడిపురుగు సులభముగా సంచరించును, కావున అట్టి చేలు గలవారు ఇంకను మెలకువతో నుండవలెను. 2022లో జిల్లాలు విడిపోయి పలనాడు, బాపట్ల యను క్రొత్త పేర్లు వచ్చినవి గాని, కాలువకట్ట కావలి నేలయు ఈవలి నేలయు పురుగునకు ఒక్కటే. ఏ పైరు మార్పిడి మీ నేలకు తగునో గుంటూరు దగ్గర లాం పరిశోధనక్షేత్రము వారిని అడుగుడు.

వేరుసెనగ, పెసర మున్నగు పప్పుజాతి పైరుల వేళ్ళపై నుండు మంచి బుడిపెలను చూచి భయపడకుడు. అవి నేలకు బలమిచ్చునవి. వేరు ప్రక్కన అంటుకొని, వ్రేలితో త్రోసినంతనే రాలును. పురుగు ముడి యట్లు రాలదు. అది వేరే ఉబ్బినది.

ఇక మనుష్యుని పట్టు నులిపురుగును గూర్చి ఒక్కమాట చెప్పి ముగించెదను. బోదకాలు పురుగులో తల్లి తండ్రి యిరువురును ఉందురు. అవి మన శోషనాళములలో కొన్ని యేండ్లు బ్రదికి, తల్లి లక్షలకొలది పిల్లలను రక్తములోనికి విడుచును. మురికినీటి దోమ ఆ పిల్లలను రాత్రివేళ పీల్చి పొరుగువానికి చేర్చును. 1947లో సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలలో వెలువడిన డైఇథైల్‌కార్బమజైను ఈ పిల్లలను రక్తమునుండి తుడిచిపెట్టును. నేలలోని సూక్ష్మజీవినుండి లభించిన ఐవర్‌మెక్టిను, పిల్లలను నశింపజేయుటయే గాక, తల్లి క్రొత్త పిల్లలను విడుచుటను కొన్ని నెలలు ఆపును. దానిని కనిపెట్టిన సతోషి ఓమురా, విలియం క్యాంబెల్ 2015లో నోబెలు బహుమానము పొందిరి. అల్బెండజోలు మూడవది. బోదకాలు గల కొన్ని ప్రదేశములలో ఈ మూడింటిని కలిపి యిచ్చుటకు ప్రపంచారోగ్యసంస్థ 2017లో సలహా యిచ్చెను. మీ యూరికి ఆరోగ్యకార్యకర్తలు ఈ మాత్రలతో వచ్చినప్పుడు, నాకు కాలు వాయలేదు గదా, నాకెందుకని త్రోసిపుచ్చకుడు. కాలు వాయని వాని రక్తములోను పిల్లపురుగులు తిరుగుచుండవచ్చును. గర్భవతులకును, రెండేండ్లలోపు శిశువులకును, తీవ్రవ్యాధిలో నున్నవారికిని వీనిని ఈయరు. తక్కినవారందరు కార్యకర్త యెదుటనే మ్రింగుట మేలు. ఊరిలో కొందరు మ్రింగి కొందరు మానినచో తల్లిపురుగు మాట దోమకు చేరుచునే యుండును.

కనుక పెద్దలారా! మీ ఊరి రైతు ఒకడు ఎండుచున్న మిరపమొక్కను చూపి ఏ మందు కొట్టవలెనని అడిగినప్పుడు, ముందుగా దానిని వేరుతో పెరికి కడిగి తెమ్మనుడు. బుడిపెలున్నచో ఆకుపై చల్లిన మందు ఆ తల్లిని చేరదని చెప్పుడు. ఈ యేడు ఆ చేనిని, ఆ నారుమడిని గుర్తు పెట్టుకొని, వచ్చు వేసవికి దుక్కి దున్నించుడు. ఒక్క యేడు ఆ గ్రుడ్లకు ఆహారపు కబురు అందకుండ చేసినచో, వచ్చు యేడు రైతునకు అప్పు కొంత తగ్గును. ఇదియే నా మనవి.